మూడు ప్రతుల్లో ప్రాణరక్షణ

దోనెమిట్ట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను జూనియర్ అసిస్టెంటుని. నా పేరు శేషఫణి. పిల్లలకు పాఠం చెప్పడం నా పని కాదు. చెప్పినట్టు కాగితం మీద ఉందో లేదో చూడడం నా పని. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం ఇరవై రెండేళ్ల సర్వీసులో నన్ను ఒక్కరోజూ ఇబ్బంది పెట్టలేదు. పైగా నా దస్తూరీ గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి అక్షరాల్లో రాసిన అబద్ధాన్ని తనిఖీకి వచ్చినవాళ్లు రెండోసారి చదవరు.

మాది మేడ బడి. కింద ఆరు గదులు, పైన ఆరు. ముందువైపు ఒక మెట్లదారి, వెనకవైపు ఒకటి. పిల్లలు మూడు వందల ఎనభై ఆరుమంది. అగ్నిప్రమాదం జరిగితే పిల్లల్ని బయటికి ఎలా పంపాలో నెలకోసారి సాధన చేయించమని జూన్ చివర్లో ఒక ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు వచ్చినప్పుడు మా ప్రధానోపాధ్యాయుడు కదిరప్పగారు చేసే పని ఒకటే. దాని మూల మీద చిన్న సంతకం పెట్టి, ఆ క్షణంలో ఎదురుగా ఎవరుంటే వాళ్ల చేతిలో పెట్టేస్తారు. ఆ రోజు ఎదురుగా ఉన్నది వ్యాయామ ఉపాధ్యాయిని చౌడేశ్వరి. బంతులకు గాలి కొట్టే పంపు కావాలని అడగడానికి వచ్చింది. పంపు దొరకలేదు, ఉత్తర్వు దొరికింది.

ఉత్తర్వుల్ని నిజమని నమ్మే మనుషులు మా శాఖలో తక్కువ. చౌడేశ్వరి నమ్మింది.

మరుసటి సోమవారం ఆమె ఆగకుండా గంట కొట్టించింది. పిల్లలు బడి వదిలారనుకుని సంచులు సర్దుకున్నారు. వెనక మెట్ల కింద ఉన్న ఇనుప గేటు తుప్పు పట్టి కదల్లేదు. అటువైపు దిగినవాళ్లందరూ మళ్లీ పైకెక్కి, ముందు మెట్లు దిగుతున్నవాళ్లకు ఎదురొచ్చారు. చివరి పిల్లవాడు మైదానంలోకి వచ్చేసరికి పదకొండు నిమిషాలు. ఆమె నలభై పేజీల నోటు పుస్తకంలో మూడు ముక్కలు రాసుకుంది: "11 నిమిషాలు. వెనక గేటు తెరుచుకోలేదు. నిజం మంట అయ్యుంటే?"

ఆ సాయంత్రమే అటెండరు పకీరప్పను వెంటబెట్టుకుని గేటు కీళ్లకు నూనె పోయించింది. తాళం తీయించి పారేయించింది. మెట్ల మీద ఉన్న విరిగిన బల్లల్ని షెడ్డులోకి మార్పించింది. జులైలో ఆరు నిమిషాలు పట్టింది. ఆగస్టులో నాలుగున్నర. సెప్టెంబరు నాటికి గంట మోగగానే ఆరో తరగతి పిల్లలు కూడా పెన్సిలు ఎక్కడిదక్కడ వదిలేసి లేచేవారు. రెండు నిమిషాల యాభై సెకన్లలో బడి ఖాళీ అయ్యేది. అన్నీ కలిపి ఆమె పుస్తకంలో పేజీన్నర కూడా నిండలేదు.

అక్టోబరులో జిల్లా సంసిద్ధతాధికారి వామనమూర్తిగారు తనిఖీకి వచ్చారు. పట్టు పంచె అంచులాంటి సన్నటి మీసం, చేతిలో తోలు సంచి. కదిరప్పగారి గదిలో కూర్చుని చౌడేశ్వరి పుస్తకాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పారు.

"ఇది ఏమిటి?"

"డ్రిల్ రాసుకున్న పుస్తకం సార్. ఏ నెలలో ఎంతసేపు పట్టిందో ఉంది. చూస్తానంటే ఇప్పుడే గంట కొట్టిస్తా. మూడు నిమిషాల్లో అందరూ కింద ఉంటారు."

"అమ్మా, నేను అభ్యాసాన్ని తనిఖీ చేయుటకు రాలేదు. అభ్యాసపు నమోదును తనిఖీ చేయుటకు వచ్చాను. అభ్యాసం క్షణికం. నమోదు శాశ్వతం."

ఈ మాట కదిరప్పగారికి ఎంతగా నచ్చిందంటే, రాసిపెట్టుకోమని నాకు సైగ చేశారు.

"ఇక్కడ 'నిజం మంట అయ్యుంటే' అని ఉంది," అన్నారు వామనమూర్తిగారు. "ప్రశ్నార్థకం. ప్రభుత్వ రికార్డులో ప్రశ్న ఉండరాదు. ఉన్నచో దానికి ఎవరో జవాబు చెప్పవలసి వస్తుంది."

ఆయన తోలు సంచిలోంచి నమూనా ఏడు అనే కాగితం తీశారు. ప్రతి అభ్యాసానికి, ప్రతి విద్యార్థికి విడివిడిగా ఒకటి నింపాలి. గంట విన్న సమయం, లేచిన సమయం, మొదట వేసిన అడుగు కుడిదా ఎడమదా, మెట్లు దిగే ముందు మానసిక స్థితి, దిగిన తర్వాత మానసిక స్థితి. కింద విద్యార్థి సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం, సాక్షి సంతకం. మూడు ప్రతులు. పదేళ్లు భద్రపరచాలి.

నెలకు పదకొండు వందల యాభై ఎనిమిది కాగితాలని నేను అక్కడికక్కడే లెక్క కట్టాను. ఇన్నాళ్లకు నా దస్తూరీకి తగిన పని దొరికిందనిపించింది. దాచడం దేనికి, సంతోషించాను.

అక్టోబరు అభ్యాసం మూడు నిమిషాలు. దాన్ని రాయడానికి ఇరవై ఆరు రోజులు. లెక్కల పీరియడు, సైన్సు పీరియడు, ఆటల పీరియడు, అన్నింటిలోనూ పిల్లలు నమూనా ఏడు నింపారు. ఒక్కో తరగతికి ఇద్దరిని రికార్డు లీడర్లుగా వేశాం. పరుగు కంటే రాత ముఖ్యం కాబట్టి వాళ్లకు ఆటల పీరియడు నుంచి మినహాయింపు ఇచ్చాం. తీరా అన్నీ పంపాక రెండు వందల పన్నెండు తిరిగొచ్చాయి. ఆ రోజు గంట అన్నం వేళకు ముందు మోగింది. మానసిక స్థితి అన్న చోట రెండు వందల పన్నెండుమంది "ఆకలి" అని రాశారు.

"ఆమోదిత మానసిక స్థితులు మూడే," అని వామనమూర్తిగారి నుంచి లేఖ వచ్చింది. "ప్రశాంతం, అప్రమత్తం, సంతృప్తికరం. ఆకలి వేరే శాఖ పరిధిలోనిది."

తిరిగొచ్చినవి మళ్లీ రాసేసరికి నవంబరు అయిపోయింది. అభ్యాసానికి టైం దొరకలేదు. కదిరప్పగారు భయపడి ఫోన్ చేశారు. అవతలి గొంతు నాకూ వినపడింది.

"అభ్యాసం ఆగితే ఆగనీయండి మాస్టారూ. నమోదు మాత్రం ఒక్కరోజు కూడా ఆగరాదు."

జరగని అభ్యాసాన్ని నమోదు చేయాలంటే దానికి నా వంటివాడే కావాలి. నవంబరుకు రెండు నిమిషాల నలభై ఒక్క సెకను వేశాను. డిసెంబరుకు రెండు నిమిషాల ముప్పై మూడు. నా చేతిలో పిల్లలు నెలనెలకూ చురుకవుతున్నారు. చౌడేశ్వరి ఒకసారి నా బల్ల దగ్గర ఆగి ఆ అంకెలు చూసింది.

"శేషఫణి సార్, ఇంత బిరీన దిగినారా మా పిల్లోళ్లు?"

"కాగితం మీద మెట్లు తక్కువ మేడం," అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

జనవరికి కాగితాలు స్టాఫ్ రూమ్ నిండి గోడ బీరువాలు దాటాయి. ఎక్కడ పెట్టాలో తేల్చడానికి వామనమూర్తిగారే స్వయంగా వచ్చారు. రికార్డులు "అత్యవసర సమయమున తక్షణం అందుబాటులో ఉండు స్థలమున" ఉండాలని నిబంధన. ఆయన మేడంతా తిరిగి వెనక మెట్ల దగ్గర ఆగారు. వెలుతురు బాగుంది, దుమ్ము లేదు, మెట్లు శుభ్రంగా ఉన్నాయి.

"ఇంత స్థలం ఖాళీగా ఎందుకున్నది?"

"ఖాళీగా ఉండాలనే ఖాళీగా పెట్టినాం సార్," అంది చౌడేశ్వరి. "ఏమన్నా అయితే పైనుండే పిల్లోళ్లలో సగం మంది ఈడనుంచే దిగల్ల."

"ఏమన్నా అయితే," అని ఆయన ఆ మాటను నాలుక మీద పెట్టుకుని రుచి చూసినట్టు పలికారు. "ఏమీ కాని రోజులు సంవత్సరానికి మూడు వందల అరవై ఐదు. రికార్డులు ఉండునవి మూడు వందల అరవై ఐదు రోజులు. మరి స్థలం ఎవరికి కేటాయించవలె?"

కదిరప్పగారు నేల చూశారు. నేను రాసుకున్నాను.

నాలుగు రోజుల్లో ఇనుప రాక్‌లు వచ్చాయి. వెనక మెట్ల మీద కింది నుంచి పైదాకా, మెట్టుకో వరుస చొప్పున కట్టలు పేర్చారు. రికార్డుల భద్రత కోసం కింద గేటుకు కొత్త తాళం వేశారు. పై చివర, మలుపులో ఒక బల్ల, ఒక కంప్యూటరు, ప్రింటరు, కరెంటు పోయినా రాత ఆగకుండా ఇన్వర్టరు, వాటి మధ్య నేను. పకీరప్ప చివరి కట్ట మోసుకొచ్చి నడుం మీద చేయి వేసుకున్నాడు.

"సామీ, ఇంగ కాలు పెట్టేకి గూడా జాగా లేదు. నిజింగా అగ్గి అంటుకుంటే ఎట్ల దిగేది?"

"నమూనా ఏడులో చూడు," అన్నాను.

ఫిబ్రవరి మొదటి వారంలో మరో ఉత్తర్వు దిగింది. ఎక్కడో ఒక బడిలో నమూనా ఏడు కాగితాలను చెద తినేసిందట. దాంతో ఆ బడి పిల్లలు మూడు నెలలుగా మేడ దిగినట్టు ఆధారం లేకుండా పోయింది. కనుక ఇకమీదట ప్రమాదం వస్తే ముందుగా రికార్డుల నిష్క్రమణ, ఆ తర్వాత విద్యార్థుల నిష్క్రమణ. ప్రతి తరగతి రికార్డు లీడర్లు తమ తరగతి కట్టను గదిలోనే దగ్గర ఉంచుకుని, అది లేకుండా గది దాటరాదు.

ఈసారి చౌడేశ్వరి నేరుగా జిల్లా కార్యాలయానికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది, కదిరప్పగారు కూడా వినాలని.

"సార్, ముందు కాగితాలు, తర్వాత పిల్లోళ్లా? ఇది తిరగేసి రాసినట్టుంది."

"లేదమ్మా. బాగా ఆలోచించే రాయబడినది. పిల్లలకు కాళ్లున్నవి. రికార్డులకు లేవు."

ఆమె ఫోన్ పెట్టేసి తన అభ్యంతరాన్ని నమూనా ఏడు చివరన ఉన్న "ఇతర విషయములు" అనే గడిలో రాసి పంపింది. తర్వాత వచ్చిన నమూనాలో ఆ గడి లేదు.

ఆ తర్వాత ఆమె ఎవరితోనూ వాదించలేదు. ఆటల పీరియడులో పిల్లలతో ఒక కొత్త ఆట మొదలుపెట్టింది. ఈల వేస్తే చేతుల్లో ఏదున్నా కింద పెట్టేయాలి. రెండు వరుసలు. ఒక చేయి గోడ మీద, ఇంకో చేయి ముందువాడి భుజం మీద. పరుగు లేదు, మాట లేదు. ముందు మెట్ల మీదుగానే అందరూ దిగాలి. వారం తిరిగేసరికి కళ్లు మూసుకుని కూడా దిగుతున్నారు. అది ఏ రిజిస్టరులో రాయాలని నేను అడిగాను.

"ఆటే కదా సార్. రాసేది లేదు," అంది.

ఫిబ్రవరి నెలాఖరున మాకు "ఉత్తమ సంసిద్ధతా పాఠశాల" షీల్డు ఇస్తున్నట్టు తెలిసింది. జిల్లాలో మరే బడి రికార్డుల బరువు మాకు సరితూగలేదు. వామనమూర్తిగారే తీసుకొచ్చారు. ఆ రోజు శుక్రవారం. ఉదయం పదకొండు దాటింది. ఆయన కింద కదిరప్పగారి గదిలో టీ తాగుతున్నారు. నేను పైన నా బల్ల దగ్గర మార్చి నెల అభ్యాసం రాస్తున్నాను. మార్చి ఇంకా రాలేదు గాని, ముందే రాసిపెట్టుకుంటే మంచిదని.

ఇన్వర్టరు వెనక చిటపటమంది. ప్రింటరేమో అనుకున్నాను. తల తిప్పేసరికి వైరు మీదుగా చిన్న నీలి మంట పాకుతోంది. అది పైవరుసలోని కట్టను తాకింది. తర్వాత జరిగినదాన్ని వర్ణించడానికి మాకు ఆమోదిత మాటలు లేవు. రెండు మెట్లు, నాలుగు మెట్లు, గోడంతా. పొగ కారిడారులోకి నా కంటే ముందు వెళ్లింది.

నేనేం చేశానో చెబుతాను. డిసెంబరు నెల కట్టను ఎత్తుకున్నాను. అది నేను అన్నింటికంటే అందంగా రాసింది. "రికార్డులు, రికార్డులు" అని అరిచాను. ఎదురు గదిలో ఏడో తరగతి. దాని తలుపులోంచి తస్లీమ్ అనే అమ్మాయి బయటికొచ్చింది. ఎప్పుడూ మొదటి బెంచీలో కూర్చునే పిల్ల. నా చేతిలోంచి కట్ట తీసి నేల మీద పెట్టింది.

"చేతులు ఖాళీగా ఉండల్ల సార్. గోడ పట్టుకోండి," అంది.

అప్పటికే కింద నుంచి చౌడేశ్వరి ఈల వినపడుతోంది. గదుల్లోంచి పిల్లలు రెండు వరుసలుగా వస్తున్నారు. పొగలో వాళ్ల ముఖాలు కనిపించలేదు, గోడ మీద చేతులు కనిపించాయి. ఒక్కరూ పరిగెత్తలేదు. నన్ను కూడా వరుసలో కలుపుకున్నారు. నా వెనక ఎవరో పిల్లవాడు నా భుజం అందక చొక్కా పట్టుకున్నాడు.

ముందు మెట్ల చివర వరుస ఆగిపోయింది. కింది మెట్టు మీద వామనమూర్తిగారు రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నారు.

"ఆగండి. క్రమం తప్పుతున్నది. ముందు రికార్డులు రావలె. రికార్డు లీడర్లెక్కడ?"

"సార్, పక్కకు రాండి," అంది చౌడేశ్వరి.

"ఉత్తర్వు చదివావా అమ్మా? రెండవ పేరా."

పకీరప్ప ఉత్తర్వు చదివినవాడు కాదు. వెనక నుంచి వచ్చి రాక్‌ను జరిపినట్టు ఆయన్ను నడుం పట్టి ఎత్తి, పక్కన తులసి కుండీ దగ్గర దింపాడు. వరుస కదిలింది.

మైదానంలో చౌడేశ్వరి తరగతి వారీగా నిలబెట్టి లెక్కపెట్టింది. ఆ రోజు హాజరు మూడు వందల అరవై ఒకటి. మూడు వందల యాభై తొమ్మిది తేలారు. మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ అదే. ఆరో తరగతిలో రమీజా, గంగాదేవి లేరు. వాళ్లిద్దరూ ఆ తరగతి రికార్డు లీడర్లు. పెద్ద తరగతుల లీడర్లు తోటివాళ్లను చూసి కట్టలు వదిలేసి వచ్చేశారు. ఈ ఇద్దరూ ఆటల పీరియడులో నమూనాలు నింపుతూ నా దగ్గరే కూర్చునేవాళ్లు. ఆ ఆట వాళ్లకు రాదు.

చౌడేశ్వరి చున్నీని నీళ్ల తొట్టిలో ముంచి ముఖానికి చుట్టుకుని మెట్లెక్కింది. కదిరప్పగారు "అమ్మా, వద్దు" అంటూ నాలుగడుగులు వెంట వెళ్లి ఆగిపోయారు. ఫైరింజను ఇంకా రాలేదు. పకీరప్ప బకెట్లు పట్టుకుని ఆమె వెనకే వెళ్లాడు. మూడు వందల యాభై తొమ్మిది మంది పిల్లలు నిలబడి ఉంటే ఒక్క శబ్దం లేదు. అంత నిశ్శబ్దాన్ని నేను ఏ ప్రార్థన సమయంలోనూ చూడలేదు.

ఎంతసేపైందో నాకు తెలియదు. నేను సెకన్లు వేయని అభ్యాసం అదొక్కటే. చౌడేశ్వరి ఒక పిల్లను చంకనేసుకుని, పకీరప్ప ఇంకో పిల్లను భుజాన వేసుకుని బయటికొచ్చారు. పిల్లలిద్దరూ దగ్గుతున్నారు. గంగాదేవి ఏడుస్తూనే సంజాయిషీ చెప్పుకుంటోంది.

"మిస్, కట్ట మోసేకి కాలేదు మిస్. శానా బరువుండాది. ఇద్దరం పట్టుకున్యా లేయలేదు. కట్ట లేకుంటే పోగూడదని బల్ల కిందనే కూచున్యాం."

చౌడేశ్వరి దాని ముక్కు తుడిచింది.

ఫైరింజను వచ్చి మంటలు ఆర్పింది. వెనక మెట్లు, పైన రెండు గదులు కాలిపోయాయి. మెట్ల మీది నమూనా ఏడు కాగితాల్లో ఒక్కటీ మిగల్లేదు. పిల్లల్లో ఎవరికీ ఏమీ కాలేదు.

మధ్యాహ్నానికి తల్లిదండ్రులు వచ్చారు. రమీజా తల్లి వేరుశనగ మిల్లులో పని చేస్తుంది. పని బట్టలతోనే వచ్చింది. బిడ్డను తడిమి చూసుకుని, ఎవరిని అడగాలో తెలియక నా దగ్గరికి వచ్చింది.

"సార్, నా బిడ్డి ఏందో కట్ట ఇడ్సిపెట్టకుండా కూచున్నంటగదా. ఆ కట్టలో ఏముండింది సార్?"

చెప్పకుండా ఉండవలసింది. కాని ఇరవై రెండేళ్లుగా అడిగినదానికి జవాబిచ్చే ఉద్యోగం నాది.

"మీ పాప ప్రమాదం నుంచి క్షేమంగా బయటపడినట్టు రాసుందమ్మా," అన్నాను. "ఐదు నెలలవి. మూడేసి ప్రతులు."

ఆమె నన్ను తిట్టలేదు. నా ముఖంలోకి చూసింది, అంతే. రాసింది నేనేనని కూడా ఆమెకు తెలియదు.

వారం తర్వాత విచారణ సంఘం వచ్చింది. అధ్యక్షులు వామనమూర్తిగారే, ఎందుకంటే ప్రత్యక్ష సాక్షి కూడా ఆయనే. అప్పటికి మా బడిని మార్కెట్ యార్డు గోడౌనులోకి మార్చారు. ధాన్యం బస్తాల పక్కన బల్ల వేసి సంఘం కూర్చుంది.

"శుక్రవారం నాడు జరిగిన నిష్క్రమణకు నమూనా ఏడు ఉన్నదా?" అని ఆయన అడిగారు.

"లేదు సార్," అన్నారు కదిరప్పగారు.

"అయినచో నిష్క్రమణ జరగలేదు."

"పిల్లోళ్లు బయటికొచ్చినారు కదా సార్," అంది చౌడేశ్వరి. "అదిగో, ఆడ కూచోని రాసుకుంటాండారు."

"వారు బయట ఉన్నారన్నది నేను కాదనుట లేదు. నిష్క్రమించినారన్నది మాత్రమే కాదంటున్నాను."

పిల్లలు బయట ఉన్నారు గాని నిష్క్రమించలేదు. మరి ఏం చేశారు అన్నది తేల్చడానికి సంఘానికి రెండు పూటలు పట్టింది. చివరికి ఒక పదం దొరికింది. "అనుమతి లేని సామూహిక గైర్హాజరు." ఫలితంగా ఆ శుక్రవారం మూడో పీరియడుకు మూడు వందల అరవై ఒక్కమందికీ హాజరు కొట్టేయాల్సి వచ్చింది. కొట్టేసింది నేనే. ఆ రోజు నా చేయి మొదటిసారి గుండ్రంగా తిరగలేదు.

చౌడేశ్వరికి మెమో వచ్చింది. రాతపూర్వక అనుమతి లేకుండా పని వేళల్లో విద్యార్థులను భవనం వెలుపలికి తీసుకుపోవుట. రికార్డుల నిష్క్రమణకు ముందే విద్యార్థుల నిష్క్రమణ జరిపి క్రమభంగం చేయుట. నమోదు కాని అభ్యాసాన్ని ఆట పేరుతో రహస్యంగా నిర్వహించుట. కింది స్థాయి సిబ్బంది ద్వారా ఒక అధికారిని స్థానభ్రంశం చేయించుట. "మీపై చర్య ఎందుకు తీసుకోరాదో" మూడు రోజుల్లో తెలపాలి.

స్టాఫంతా ఆమె చుట్టూ చేరారు. క్షమాపణ రాసిమ్మని తెలుగు మాస్టారు, యూనియన్ వాళ్లను కలవమని సైన్సు టీచరు. ఆమె అందరూ చెప్పింది విని, ఆఖర్న నా దగ్గరికి వచ్చింది.

"సార్, మీ రాత బాగుంటాది. నాను చెప్పేది రాసిస్తారా?"

రాశాను. అది ఇదీ: "నేను చేసింది తప్పే అయితే, ఈసారి మంట వచ్చినప్పుడు రాతపూర్వక అనుమతి వచ్చేదాకా పిల్లలను లోపలే ఉంచమని సంతకంతో, ముద్రతో ఉత్తర్వు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఇచ్చినవారి పేరు, హోదా స్పష్టంగా ఉండాలి. ఆ ఉత్తర్వును తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపిస్తాను."

కదిరప్పగారి ముందు పెట్టాను. ఆయన మామూలుగా చేసినట్టే కాగితం మూలకు పెన్ను తీసుకెళ్లారు. అక్కడ ఆగారు. చాలాసేపు ఆగారు. తర్వాత పెన్ను కాగితం మధ్యకు తెచ్చి, "పై కోరికతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను" అని పెద్ద అక్షరాలతో రాసి, పూర్తి పేరుతో సంతకం చేశారు. పదకొండేళ్లు ఆయన కింద పనిచేశాను. ఆయన ఇంటి పేరు వడ్డిపల్లె అని నాకు ఆ రోజే తెలిసింది.

నాలుగో రోజు వామనమూర్తిగారు గోడౌనుకు వచ్చారు. ఈసారి తోలు సంచి తేలేదు.

"అమ్మా, ఈ సమాధానం వెనక్కి తీసుకో. నేను మెమో వెనక్కి తీసుకుంటాను."

"మెమో ఇచ్చినారు కదా సార్. నాను అడిగింది గూడా ఇయ్యండి. ఒక సంతకమే."

"ఇటువంటిదాని మీద ఎవరు సంతకం చేస్తారమ్మా?" ఆయన గొంతులో మొదటిసారి వాడుక భాష వినపడింది. "పిల్లలు లోపలే ఉండాలని రాసిస్తే, రేపు ఏమన్నా అయితే?"

పిల్లలు లేచి నిలబడి ఆయనకు నమస్కారం పెట్టారు. ఆయన ప్రతినమస్కారం చేయకుండానే వెళ్లిపోయారు.

తన స్థాయిలో నిర్ణయించదగినది కాదని రాసి ఆయన ఫైలును పైకి పంపారు. పైవారు దాన్ని పరిశీలించి, ఇది విధాన సంబంధమైన విషయమని మరింత పైకి పంపారు. వారు న్యాయ సలహాకు, న్యాయ సలహావారు అగ్నిమాపకానికి, అగ్నిమాపకంవారు తమకు ఆర్పడం మాత్రమే తెలుసునని మళ్లీ విద్యకు. ప్రతి బల్ల దగ్గర ఒక అధికారి దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, చివరి వాక్యం దగ్గర పెన్ను మూత బిగించి, తన పరిధిలోనిది కాదని రాసి సాగనంపుతున్నారు. మొన్నటికి పద్నాలుగు బల్లలు దాటిందని తెలిసింది. చౌడేశ్వరి మీద చర్య అందాకా పెండింగులో ఉంది.

మంట వచ్చినా అనుమతి వచ్చేదాకా పిల్లలు లోపలే ఉండాలని సంతకం పెట్టి ఇవ్వగల అధికారి ఈ ప్రభుత్వంలో ఎక్కడో ఒకచోట తప్పక ఉంటాడు. నాకా నమ్మకం ఉంది. ఫైలు ఆయన్ను వెతుక్కుంటూ వెళుతోంది.